పుస్తకం ఎవరి సొత్తు? – తాటాకు నుంచి డిజిటల్ భాండాగారం దాకా

సాహిత్య చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు మనం కవుల కాలాన్ని చర్చిస్తాం, కర్తృత్వాన్ని చర్చిస్తాం, రచన వెనక ఉన్న సామాజిక పరిస్థితుల్ని విశ్లేషిస్తాం. ఏ పుస్తకం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్న ప్రశ్న మాత్రం మన విమర్శలో అరుదుగా వినబడుతుంది. నిజానికి తక్కిన ప్రశ్నలన్నిటికంటే ఇదే ముందుది. దొరకని పుస్తకం మీద విమర్శ పుట్టదు. దొరికినవాటినే చదివి, వాటి మీదనే సిద్ధాంతాలు నిర్మించి, దానికే సాహిత్య చరిత్ర అని పేరు పెట్టుకుంటున్నాం. కనుక గ్రంథాల అందుబాటు గ్రంథాలయాధికారులు చూసుకోవలసిన పాలనా వ్యవహారం మాత్రమే కాదు. అది సాహిత్య విమర్శకు పునాదికి సంబంధించిన విషయం.

ఈనాడు పరిశోధన వ్యాసాలూ, సిద్ధాంత గ్రంథాలూ, పాత పుస్తకాలూ కంప్యూటర్ భాండాగారాల్లో చేరుతున్నాయి. వాటిని ఎవరైనా, ఎక్కడినుంచైనా, పైకం చెల్లించకుండా చదువుకోవచ్చునన్న సూత్రాన్ని ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. తెలుగులో స్వేచ్ఛా లభ్యత అనుకోవచ్చు. ఇది యంత్రం మనకిచ్చిన వరమని కొందరి నమ్మకం. యంత్రం వచ్చింది కనుక ఇక దాచడం ఎవరి తరమూ కాదని మరికొందరి ధీమా. చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలవవు. ప్రతి యుగంలోనూ సాధనం మారింది. కాని పుస్తకం జనానికి అందడం మాత్రం ఎప్పుడూ మూడు పనుల మీదనే ఆధారపడింది: ప్రతులు తీయడం, పట్టిక రాయడం, నిలబెట్టే బాధ్యత వహించడం. ఈ మూడింటిలో ఏ ఒకటి లోపించినా భాండాగారం మూతపడుతుంది. తెలుగు పుస్తకాల విషయంలో ఇది ఎలా జరిగిందో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రతులు తీసినవాళ్లు

తాటాకు కాలంలో గ్రంథం బతకాలంటే ప్రతి తీయడమొక్కటే మార్గం. తాటాకు శాశ్వతం కాదు. పురుగు తింటుంది, తేమకు పాడవుతుంది, చివికిపోతుంది. ఎవరో ఒకరు కూర్చుని మరో ప్రతి రాసుకుంటేనే కావ్యం తర్వాతి తరానికి చేరేది. రాసుకునే అవకాశం ఎవరికుంది అన్నది కులాన్ని బట్టీ, ఆస్తిని బట్టీ నిర్ణయమయ్యేది. జమీందారు కొలువులో, మఠంలో, పండితుని ఇంటి అటక మీద ఉన్న గ్రంథాన్ని చూడగల అర్హత అందరికీ లేదు. ఆ కాలపు సాహిత్యంలో మనకు మిగిలినదేమిటి, పోయినదేమిటి అన్నది కవుల ప్రతిభ ఒక్కటే తేల్చలేదు. ప్రతులు రాయించగలిగిన వర్గాల అభిరుచి కూడా తేల్చింది.

ఈ పరిస్థితిలో 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చేసిన పని ప్రసిద్ధమే. ఆయన తన బంగళాలోనే పండితులనూ లేఖకులనూ జీతాలిచ్చి నియమించి ప్రతులు సేకరించాడు, పాఠాలు సరిచూయించాడు, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించాడు. బ్రౌనును మనం తరచుగా స్మరిస్తాం. ఆయన దగ్గర పనిచేసిన జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులను అంతగా తలుచుకోం. ఆ శ్రమ వాళ్లది కూడా. బ్రౌను తన సేకరణను సొంత ఆస్తిగా వెంట తీసుకుపోకుండా మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. తర్వాత అవి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. ప్రతులు తీయించడం, పట్టిక రాయడం, ఒక సంస్థకు అప్పగించడం – మూడూ జరిగాయి గనకనే అవి బతికాయి. వలస పాలనలోని ఉద్యోగిగా ఆయన పరిమితులేమిటన్నది వేరే చర్చ. పద్ధతి విషయంలో ఆయన చూపిన క్రమం మాత్రం నేటికీ పనికి వస్తుంది.

జనం కట్టుకున్న గ్రంథాలయాలు

అచ్చుయంత్రం వచ్చాక ఒక్క ప్రతి వెయ్యి ప్రతులైంది. అయినా వెయ్యి ప్రతులూ కొనగలిగిన వాళ్ల ఇళ్లకే చేరేవి. కొనలేని వాళ్లకు పుస్తకం చేర్చడానికి పుట్టిందే గ్రంథాలయోద్యమం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. దాని స్థాపనలో పాలుపంచుకున్న కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్రనూ శాస్త్రాలనూ తెలుగులో తక్కువ ధరకు అందించే ప్రయత్నం మొదలుపెట్టారు. ఒకవైపు పుస్తకాల ఉత్పత్తి, మరొకవైపు వాటి పంపిణీ – రెండింటినీ ఒకే మనిషి పట్టించుకోవడం గమనార్హం.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమానికి జీవితాన్నే అర్పించారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ మీద ఊరూరికీ పంపే బోటు గ్రంథాలయాన్ని నడిపారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుడి రేవుకు పోవాలన్న ఆలోచన అది. ఈనాడు కంప్యూటర్ నిపుణులు దూరప్రాప్తి అని గొప్పగా చెప్పుకునే విషయాన్ని మన పెద్దలు గడకర్ర చేతబట్టుకుని సాధించారు.

నిజాం రాజ్యంలో పరిస్థితి మరింత కఠినం. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద సర్కారు అనుమతి కావాలి. అటువంటి చోట తెలుగు గ్రంథాలయం చదువుకునే స్థలంగా మాత్రమే ఉండిపోలేదు, జనం కలుసుకునే చోటుగా మారింది. ఆంధ్రోద్యమానికి కార్యకర్తలను తయారు చేసింది. పుస్తకాన్ని అందుబాటులోకి తేవడం రాజకీయ చర్య అని పాలకులకు మనకంటే ముందే తెలుసు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ ఉద్యమ ఫలితం చట్టరూపం దాల్చింది. 1948లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1955లో హైదరాబాదు రాష్ట్రంలోనూ, 1960లో ఆంధ్రప్రదేశ్‌లోనూ పౌర గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు వసూలు చేసే ఏర్పాటు జరిగింది. ఇక్కడొక మాట గట్టిగా చెప్పుకోవాలి. పౌర గ్రంథాలయంలోని పుస్తకం ఎవరి దాతృత్వమూ కాదు. ఇల్లున్న ప్రతివాడూ దానికి పన్ను కట్టాడు. దానిమీద అతనికున్నది హక్కు. ఈ హక్కు భావన లేకపోతే తర్వాత వచ్చిన డిజిటల్ భాండాగారాల కథ మనకు అర్థం కాదు.

శాస్త్ర పత్రికలు – గుత్తాధిపత్యం

స్వేచ్ఛా లభ్యత అన్న నినాదం పుట్టింది సాహిత్య రంగంలో కాదు, విజ్ఞాన శాస్త్ర రంగంలో. దాని పూర్వరంగం కొంత తెలుసుకోవాలి.

1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ సంపాదకత్వాన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలైంది. అదే సంవత్సరం పారిస్‌లో మరో పత్రిక వెలువడింది. పండితులు ఉత్తరాల్లో రాసుకునే విషయాలను అందరికీ తెలియజేయడమే వాటి లక్ష్యం. చాలా కాలం ఇటువంటి పత్రికల్లో శాస్త్ర సంఘాలు నడిపినవే ప్రధానం. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వాలు పరిశోధనకు విరివిగా నిధులివ్వడంతో ఈ రంగంలో లాభాన్ని వ్యాపారులు కనిపెట్టారు. రాబర్ట్ మాక్స్‌వెల్ పెర్గమన్ ప్రెస్‌ను పెంచింది ఈ కాలంలోనే. 1991లో దాన్ని ఎల్సెవియర్ సంస్థ కొనేసింది.

ఈ వ్యాపారం స్వభావం విచిత్రమైనది. పరిశోధకుడికి జీతమిచ్చేది ఎక్కువగా ప్రజాధనం. వ్యాసాన్ని అతడు ఉచితంగా ఇస్తాడు. దాని మంచిచెడ్డలు పరిశీలించే తోటి పరిశోధకులకూ ప్రచురణకర్త సాధారణంగా పైకం ఇవ్వడు. చివరికి ఆ పత్రికను విశ్వవిద్యాలయ గ్రంథాలయం మళ్లీ ప్రజాధనంతోనే కొనాలి. ముడిసరుకూ ఊరికే, శ్రమలో అధిక భాగమూ ఊరికే, కొనేవాడు మాత్రం కొనక తప్పదు. ఒక పత్రికలో వచ్చిన వ్యాసం మరొక పత్రికలో దొరకదు కనుక పోటీకి తావు లేదు. పెద్ద సంస్థల లాభాలు రాబడిలో ముప్పై శాతం దాటడానికి కారణం ఇదే. 1970ల తర్వాత చందాలు పెరుగుతూ పోయి, సంపన్న దేశాల విశ్వవిద్యాలయాలు కూడా పత్రికలు మానుకోవలసి వచ్చింది. పత్రికల చందాలు కట్టడానికి పుస్తకాల కొనుగోళ్లు తగ్గించుకున్నారు. అంటే భౌతికశాస్త్ర పత్రిక ధర పెరిగితే దెబ్బ తగిలింది సాహిత్యం, చరిత్ర పుస్తకాలకు.

దీనికి ప్రతిఘటన ఒక్కచోట మొదలు కాలేదు. 1971లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్‌లో టైపు చేసి పంచాడు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌కు అది ఆరంభం. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త లాస్ అలమోస్‌లో, అచ్చుకు ముందే వ్యాసాలు పంచుకునే ఏర్పాటు చేశాడు. అదే తర్వాత ఆర్కైవ్ అన్న పేరుతో స్థిరపడి 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చేరింది. 2001 డిసెంబరులో బుడాపెస్ట్‌లో కొందరు సమావేశమై చర్చించుకుని 2002 ఫిబ్రవరిలో ఒక ప్రకటన విడుదల చేశారు. చదవడం, దింపుకోవడం, ప్రతి తీయడం, పంచడం – వీటికి అడ్డు ఉండకూడదనీ, రచయితకు తన రచన వికృతం కాకుండా చూసుకునే హక్కూ, తన పేరు చెప్పించుకునే హక్కూ ఉంటే చాలుననీ దాని సారాంశం. రెండు మార్గాలు సూచించారు. పరిశోధకులు తమ రచనల్ని భాండాగారాల్లో దాచుకోవడం ఒకటి. చందా లేని పత్రికలు స్థాపించుకోవడం రెండవది.

మన దృష్టిలో వీటన్నిటికంటే ముఖ్యమైనది బ్రెజిల్ అనుభవం. 1998లో సావోపాలో కేంద్రంగా సైయెలో అన్న ఏర్పాటు ప్రారంభమైంది. పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో వచ్చే పత్రికలను ఐరోపా, అమెరికా సూచికలు పెద్దగా లెక్కచేసేవి కావు. లెక్కలో లేని పత్రికను ఎవరూ చదవరు. చదవని పత్రికను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఈ విషవలయాన్ని ఛేదించడానికి ప్రజాధనంతో తమ పత్రికలను తామే ఉచితంగా అందరి ముందూ పెట్టుకున్నారు. బుడాపెస్ట్ ప్రకటనకు నాలుగేళ్ల ముందే ఇది జరిగింది. స్వేచ్ఛా లభ్యత పడమటి విద్వాంసులు కనిపెట్టి తూర్పుకూ దక్షిణానికీ ప్రసాదించినది కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా: పుట్టుక, మూత

ఇక మన పుస్తకాల సంగతి. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, కృత్రిమ మేధ రంగంలో కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. ప్రపంచంలోని పుస్తకాలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి అందరికీ ఉచితంగా ఇవ్వాలన్న సంకల్పంతో ఆయనా సహచరులూ పది లక్షల పుస్తకాల పథకం తలపెట్టారు. అమెరికాతో పాటు భారత్, చైనా, ఈజిప్టు అందులో భాగస్వాములు. 2007 నాటికి పదిహేను లక్షలకు పైగా పుస్తకాలు స్కాన్ చేసినట్టు ప్రకటించారు. భారత శాఖకే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సమన్వయం వహించింది. స్కానింగ్ కేంద్రాల్లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒకటి.

దీనివల్ల తెలుగుకు జరిగిన మేలు తక్కువ చేసి చెప్పకూడదు. జిల్లా గ్రంథాలయ బీరువాల్లో పొడిపొడి అవుతున్న తొలినాటి నవలలు, నాటకాలు, శతకాలు, పత్రికల సంపుటాలు, వ్యాసాలు వేల సంఖ్యలో బొమ్మలుగా మారాయి. ఒక పుస్తకం కోసం రాజమండ్రికో మద్రాసుకో పోయి, పరిచయ పత్రం చూపించి, నోటుపుస్తకంలో చేత్తో ఎత్తి రాసుకున్న తరానికి ఇది ఎంత మార్పో చెప్పనక్కరలేదు. పల్లెటూరి కళాశాల విద్యార్థి పల్లెటూరిలోనే ఉండి పరిశోధన చేయగలిగే భౌతిక పరిస్థితి మొదటిసారి ఏర్పడింది.

కాని లోపాలు ఆరంభంలోనే కనిపించాయి. కొన్ని పుస్తకాల్లో పుటలు తప్పిపోయాయి, కొన్నిటిలో మసకబారాయి. అంతకంటే పెద్ద లోపం పట్టికలో ఉంది. తెలుగు పుస్తకాల పేర్లు తెలుగు లిపిలో రాయలేదు. రోమన్ అక్షరాల్లో, ఒక్కో ఉద్యోగి ఒక్కో తీరున, చుక్కలూ కొమ్మలూ చేర్చి రాశారు. ఒకే రచయిత పేరు పలు రూపాల్లో కనిపిస్తుంది. గ్రంథకర్త స్థానంలో సంపాదకుడి పేరో, ముద్రాపకుడి పేరో ఉంటుంది. దానివల్ల పుస్తకం ఉన్నా దొరకని స్థితి. పట్టిక లేని భాండాగారం పుస్తకాలు పోసిన గోదాము. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పి పాఠకుడి కాలాన్ని పొదుపు చేయడాన్ని అందులో ఒకటిగా పేర్కొన్నారు. ఆ సూత్రం పుట్టిన దేశంలోనే దానికి ఈ గతి పట్టింది. లక్షల పుటలు స్కాన్ చేయడానికి డబ్బు దొరికింది. తెలుగు చదవగలిగిన ఒక పట్టికకారుడికి జీతమివ్వాలన్న ఆలోచన రాలేదు. యంత్రం మీద ఖర్చును పెట్టుబడిగా, మనిషి మీద ఖర్చును దండుగగా చూసే దృష్టి ఇది.

ఈ లోపాన్ని సరిదిద్దినవాళ్లు జీతగాళ్లు కారు. తెలుగు వికీపీడియా సభ్యులు కొందరు 2014 ప్రాంతంలో ఆ పుస్తకాలను ఒక్కొక్కటే తెరిచి చూసి, పేరూ కర్తా తెలుగు లిపిలో రాసి, అక్షర క్రమంలో జాబితాలు తయారు చేశారు. గ్రంథాలయోద్యమ కార్యకర్తల పని ఈ తరంలో మరో రూపంలో సాగిందన్నమాట.

తర్వాత జరిగింది అందరికీ గుర్తుండవలసిన ఘట్టం. 2017 నాటికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైట్లు మూగబోయాయి. కాపీరైటు వివాదాలు, వ్యవస్థ భద్రత కారణాలుగా వినవచ్చాయి. ప్రజాధనంతో, ఏళ్ల శ్రమతో తయారైన భాండాగారం మూతపడితే సాహిత్య లోకంలో పెద్ద అలజడి రాలేదన్నది మనం ఆలోచించుకోవలసిన విషయం. అదృష్టవశాత్తూ ఆ పుస్తకాలు పోలేదు. ప్రభుత్వ సమాచారం ప్రజలదన్న సూత్రం మీద పనిచేస్తున్న కార్ల్ మాలమూద్ వాటిలో నాలుగు లక్షలకు పైగా ప్రతులు తీసి, 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టించాడు. ఈనాడు తెలుగు పరిశోధక విద్యార్థులు చదువుకుంటున్న పాత పుస్తకాల్లో చాలా భాగం ఆ ప్రతులే. తాటాకు కాలం నాటి సూత్రమే ఇక్కడా పనిచేసింది. ఎవరో ప్రతి తీశారు గనక గ్రంథం బతికింది.

అయితే అమెరికాలోని ఒక్క సంస్థ మీద భారం వేసి మనం నిశ్చింతగా ఉండవచ్చునా? ఆ సంస్థ మీద ప్రచురణకర్తలు వేసిన దావాలో 2023లో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో పై కోర్టు ప్రచురణకర్తల పక్షానే తీర్పు చెప్పాయి. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి అది కొన్ని రోజులపాటు పనిచేయలేదు. ఆ కొన్ని రోజులూ ఎన్నో తెలుగు పుస్తకాలకు దారి మూసుకుపోయింది.

సిద్ధాంత గ్రంథాల దుస్థితి

పాత పుస్తకాల తర్వాత విద్యార్థులకు అవసరమైనవి విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథాలు. ఒకప్పుడు పిహెచ్.డి. గ్రంథం ప్రతి ఒకటి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఒకటి పర్యవేక్షకుడి ఇంట్లో ఉండేవి. దొరకకపోవడం పరిశోధనలో అనేక దోషాలకు మూలమైంది. ఒకే అంశం మీద ఒకరికి తెలియకుండా ఒకరు పనిచేశారు. కొందరు తెలిసి కూడా పాత గ్రంథాన్ని దించేశారు. చీకట్లో జరిగే దొంగతనం ఎవరికీ కనబడదు.

2009లో యు.జి.సి. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలన్న నిబంధన తెచ్చింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం శోధ్‌గంగ అనే భాండాగారాన్ని ఏర్పాటు చేసింది. ఇప్పుడు అందులో లక్షల సంఖ్యలో గ్రంథాలున్నాయి. తెలుగు శాఖలవీ ఉన్నాయి. ఇది నిస్సందేహంగా ముందడుగు. కాని తెలుగు గ్రంథాల్లో అనేకం పాత డి.టి.పి. అక్షరాల్లో కూర్చినవి, లేదా కాగితం బొమ్మలుగా తీసినవి. వాటిలో ఒక పదం కోసం వెదికితే యంత్రానికి తెలుగు కనబడదు, అర్థం లేని గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో కూర్చితే తొలగిపోయే ఇబ్బంది ఇది. ఆంగ్లంలో రాసిన సిద్ధాంత గ్రంథాన్ని ప్రపంచంలో ఎక్కడివారైనా ఒక్క మాటతో వెదికి పట్టుకోగలరు. తెలుగులో రాసినది ఉన్నా లేనట్టే. భాషల మధ్య ఉన్న అసమానత కొత్త సాధనంలో కొత్త రూపం ధరించిందంటే తప్పు లేదు.

రచయిత హక్కు – పాఠకుడి హక్కు

ఈ చర్చలో ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పుస్తకం అందరికీ ఉచితమైతే రచయిత ఏం తిని బతకాలి? మన రచయితల్లో అనేకులు సొంత డబ్బుతో పుస్తకాలు అచ్చువేసుకున్నవాళ్లే. వాళ్ల శ్రమను హరించడానికి స్వేచ్ఛా లభ్యతను సాకుగా వాడుకోవడాన్ని ఎవరూ సమర్థించకూడదు. ఈ మధ్య కొత్త పుస్తకాలను స్కాన్ చేసి ఎడాపెడా పంచేస్తున్నారు. అది ఉద్యమం కాదు, చిన్న ప్రచురణకర్త పొట్ట కొట్టడం.

కాని రెండు విషయాలను వేరుచేసి చూడాలి. జీతం తీసుకుంటూ ప్రజాధనంతో చేసిన పరిశోధన వేరు, అమ్ముకుంటే వచ్చే రాబడి మీద ఆధారపడ్డ రచన వేరు. స్వేచ్ఛా లభ్యతా వాదం మొదటినుంచీ మాట్లాడింది మొదటిదాన్ని గురించే. వ్యాసం రాసినందుకు శాస్త్ర పత్రికల నుంచి ఏనాడూ పారితోషికం పొందని పరిశోధకుడికి అందులో పోయేదేమీ లేదు.

ఇక పాత రచనల సంగతి. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత అరవై సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014 నుంచి అందరివీ అయ్యాయి. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనల మీద హక్కు 2043 చివరి వరకు ఉంటుంది. వారసులు ఎవరో తెలిసి, పుస్తకాలు అచ్చులో ఉన్నంతకాలం దీనితో పేచీ లేదు. సమస్య అల్లా పత్రికల్లో ఒకటీ రెండు కథలు రాసి మరుగున పడిపోయినవాళ్లది. వాళ్లలో స్త్రీలు, దళితులు, కార్మికులు ఎందరో ఉన్నారు. వాళ్లు ఎప్పుడు పోయారో తెలియదు, అనుమతి ఇవ్వవలసినవారు ఎవరో తెలియదు. పెద్ద రచయితల సంపుటాలను ఏదో ఒక ప్రచురణ సంస్థ కాపాడుతుంది. వీళ్లను కాపాడేది పాత పత్రికల భాండాగారం ఒక్కటే. చట్టభయంతో దాన్ని మూసేస్తే నష్టపోయేది ఎవరో స్పష్టమే.

విద్యార్థి అవసరానికి చట్టంలో చోటు లేదనుకోవడమూ పొరపాటే. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ అంగడి మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు దావా వేశాయి. పాఠ్యాంశాల కోసం పుస్తకాల్లోని భాగాలు జిరాక్సు తీసి కట్టగట్టి అమ్మడం నేరమన్నది వాటి వాదం. విద్యార్థులూ అధ్యాపకులూ దావాలో చేరి ఎదురు వాదించారు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దావా కొట్టివేసింది. డిసెంబరులో ధర్మాసనం కూడా బోధన కోసం అవసరమైన మేరకు ప్రతులు తీయడం చట్టసమ్మతమేనని సూత్రీకరించింది. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. పాఠకులు సంఘటితంగా నిలబడితే చట్టం వాళ్ల మాట కూడా వింటుందనడానికి ఈ కేసు నిదర్శనం. ఒంటరిగా నిలబడిన ఏరన్ స్వార్ట్జ్ గతి వేరు. జేస్టోర్ భాండాగారం నుంచి లక్షల వ్యాసాలు దింపాడన్న నేరారోపణతో 2011లో అరెస్టయి, విచారణ ముగియకముందే 2013 జనవరిలో ఇరవై ఆరేళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు.

కొత్త తలుపులు, కొత్త గడియలు

వ్యాపార సంస్థలు స్వేచ్ఛా లభ్యతను వ్యతిరేకించి ఊరుకోలేదు, దాన్ని తమకు అనుకూలంగా మలుచుకున్నాయి. పాఠకుడి దగ్గర వసూలు చేయడం కష్టమైతే రచయిత దగ్గర వసూలు చేయడం మొదలుపెట్టాయి. ‘నేచర్’ పత్రికలో వ్యాసం అందరికీ ఉచితంగా దొరకాలంటే 9,500 యూరోలు చెల్లించాలని 2020లో ప్రకటించారు. చదవడానికి డబ్బు లేనివాడు లోపలికి వచ్చాడు, రాయడానికి డబ్బు లేనివాడు బయటికి పోయాడు.

మన ప్రభుత్వం 2024 నవంబరులో ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు చెల్లించి, ముప్పై అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించే ఏర్పాటు ఇది. 2025 జనవరిలో అమలులోకి వచ్చింది. చిన్న పట్టణంలోని ప్రభుత్వ కళాశాల విద్యార్థికి దీనివల్ల మేలు జరుగుతుంది, కాదనలేం. కాని ఇది చందా. స్వేచ్ఛా లభ్యత కాదు. గడువు తీరితే మళ్లీ కట్టాలి. సంస్థలో లేనివాడికి తలుపు తెరుచుకోదు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, విశ్రాంత అధ్యాపకుడు, ఏ ఉద్యోగమూ లేని రచయిత, మండల గ్రంథాలయంలో కూర్చున్న పాఠకుడు ఈ లెక్కలోకి రారు. తెలుగు విమర్శలో గణనీయమైన భాగం ఇటువంటివాళ్లు రాసిందే అన్న సంగతి మరువరాదు. అన్నిటికీ మించి, ఈ సొమ్ములో ‘భారతి’ పాత సంచికలను పట్టిక కట్టడానికి వెచ్చించేది లేదు. మన ప్రజాధనంతో మనం విదేశీ సంస్థల పత్రికలకు తలుపు తెరిపించుకుంటున్నాం. మన పత్రికలు మాత్రం గోదాములో ఉన్నాయి.

మన ముందున్న పని

ఈ చరిత్ర మొత్తం చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో, దాతో పెద్ద ఎత్తున పని మొదలుపెట్టవచ్చు. అందుకు తగిన వనరులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. అది నిలబడాలంటే మాత్రం అడిగేవాళ్లు ఉండాలి. 1914 నాటి సభకు ప్రతినిధులు ఊళ్ల నుంచి వచ్చారు. 2017లో సైట్లు మూతపడ్డప్పుడు అటువంటి సభ జరగలేదు.

రచయితల సంఘాలు చేయగలిగినవి పెద్ద ఖర్చులేని పనులే. తమ పత్రికల పాత సంచికలన్నిటినీ స్కాన్ చేయించి, రచయిత పేరూ శీర్షికా నెలా సంవత్సరమూ తెలుగు లిపిలో రాసిన పట్టికతో సహా, కనీసం మూడు వేర్వేరు చోట్ల దాచాలి. జీవించి ఉన్న రచయితలు తమ రచనల్లో ఏవి అందరికీ ఇస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఒక్క పేజీ లేక రేపు వారసులూ పాఠకులూ ఇబ్బంది పడతారు. సిద్ధాంత గ్రంథాలు యూనికోడ్‌లో సమర్పించాలన్న నిబంధన కోసం తెలుగు శాఖలు పట్టుబట్టాలి. పరిశోధక విద్యార్థి తాను వెదికి సేకరించిన వ్యాసాల జాబితాను పట్టా చేతికి రాగానే అటకెక్కించకుండా తర్వాతివాళ్లకు అప్పగించాలి. గ్రంథాలయ సెస్సులో డిజిటల్ ప్రతులకూ పట్టికలకూ ఎంత ఖర్చు చేస్తున్నారని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నిలదీయాలి. ఆ సొమ్ము మనం కట్టినదే.

జూలూరి అప్పయ్య కూర్చుని ప్రతులు సరిచూడకపోతే మన కావ్యాల్లో కొన్నిటికి ఈనాటి పాఠం ఉండేది కాదు. ఆయనకు బ్రౌను జీతమిచ్చాడు. ఈనాటి అప్పయ్యలకు జీతమిచ్చే బాధ్యత ఎవరిదో తేల్చుకోవడం దగ్గరే మన చర్చ మొదలు కావాలి.